విడదీసి మళ్లీ కట్టిన 30ఎస్: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

కణంలో ప్రోటీన్లను తయారుచేసే యంత్రమైన రైబోసోమ్‌లో, అమైనో ఆమ్లాలను గొలుసుగా అతికే పెప్టైడ్ బంధాన్ని కలిపేది ఆర్ఎన్ఏ అన్న సంగతి ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది. ఉప్పునీటిలో బతికే హాలోఆర్కులా అనే సూక్ష్మజీవి రైబోసోమ్‌లోని పెద్ద భాగం, అంటే 50ఎస్ ఉపప్రమాణం (ఇక్కడ ఎస్ అన్నది సెంట్రిఫ్యూజ్‌లో రేణువు కిందికి దిగే వేగానికి కొలత) నిర్మాణం 2000లో 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వెలువడినప్పుడు, ఆ బంధం ఏర్పడే చోటికి దాదాపు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర ఒక్క ప్రోటీన్ కూడా లేదని తేలింది. అప్పటి నుంచి రైబోసోమ్ ప్రోటీన్లను కేవలం ఆర్ఎన్ఏకు ఊతంగా నిలిచేవిగా చెప్పి వదిలేయడం అలవాటైపోయింది. నాకు ఆ మాట ఎప్పుడూ తృప్తినివ్వలేదు. ఈ. కోలై అనే బాక్టీరియా రైబోసోమ్‌లోని చిన్న ఉపప్రమాణంలో 21, పెద్ద ఉపప్రమాణంలో 33 రకాల ప్రోటీన్లు ఉన్నాయి. అవన్నీ ఉత్త ఊతమే అయితే వాటిలో ఒకదానిలో ఒక్క అమైనో ఆమ్లం మారినంత మాత్రాన కణం ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకోగలగడం ఎలా సాధ్యమవుతుంది? ఈ ప్రాజెక్టులో నేను చేత్తో చేసి చూడదలచుకున్నది ఈ ప్రశ్ననే.

ప్రణాళిక ఇది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే ఈ. కోలై ఒకటి, లొంగనిది ఒకటి తీసుకొని, రెండింటి నుంచీ చిన్న ఉపప్రమాణాలను, అంటే 30ఎస్‌లను వేరుచేయాలి. ఒక్కోదాన్నీ 16ఎస్ ఆర్ఎన్ఏగా, ప్రోటీన్లుగా విడదీసి, ఒకదాని ఆర్ఎన్ఏకు మరొకదాని ప్రోటీన్లు కలిపి మళ్లీ 30ఎస్ కట్టాలి. మందుకు లొంగని గుణం దేని వెంట వెళుతుందో చూడాలి. ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. 30ఎస్‌ను విడిభాగాల నుంచి తిరిగి కట్టవచ్చని 1968లో ట్రాబ్, నొమురా చూపించారు. ఆ మరుసటి ఏడాదే నొమురా బృందం ఈ గుణానికి మూలం ఇప్పుడు మనం ఎస్12 (అంకెకు ముందు ఎస్ ఉంటే చిన్న ఉపప్రమాణం ప్రోటీన్ అని) అని పిలిచే ఒక్క ప్రోటీన్ అని తేల్చింది. అయినా విడిభాగాలు పరీక్షనాళికలో తమంతట తాము ఒక యంత్రంగా కూడుకోవడాన్ని నా కళ్లతో చూడకుండా దాని గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

3వ రోజు

మొదటి పని లొంగని రకాన్ని సంపాదించడం. ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏజ్-1 అనే ఎంజైమ్ లోపించిన ఎంఆర్ఈ600 రకాన్ని ఎంచుకున్నాను, ఎందుకంటే ఈ పనిలో అడుగడుగునా మన శత్రువు ఆ ఎంజైమే. రాత్రంతా పెంచిన కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చిక్కబరచి, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల స్ట్రెప్టోమైసిన్ ఉన్న అగార్ పళ్లేల మీద పరిచాను. తానుగా లొంగనిదిగా మారే కణం వంద కోట్లలో ఒకటి దొరకడం కూడా కష్టమే కనుక, పళ్లేనికి అంతకంటే ఎన్నో రెట్లు కణాలు పడేలా చూశాను.

5వ రోజు

ఎనిమిది పళ్లేల మీద కలిపి నాలుగు కాలనీలు కనిపించాయి. వాటిలో ఒకటి ఆవగింజంత ఉంది. మిగిలిన మూడూ గసగసాల గింజంతకు మించి పెరగలేదు. నాలుగింటినీ మందు ఉన్న కొత్త పళ్లెం మీద గీతలుగా గీసి, ఎస్12 జన్యువు క్రమం చదివించడానికి పంపాను.

9వ రోజు

క్రమాలు వచ్చాయి. పెద్ద కాలనీలో 42వ స్థానంలో ఉండవలసిన లైసిన్ ఆర్జినిన్‌గా మారింది. చిన్నవాటిలో ఒకదానిలో అదే లైసిన్ అస్పరజిన్‌గా మారింది. నేను అస్పరజిన్ ఉన్నదాన్నే ఎంచుకున్నాను. అది మెల్లగా పెరుగుతుంది. 37 డిగ్రీల వద్ద మూల రకం 25 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంటే, ఇది 36 నిమిషాలు తీసుకుంటోంది. ఈ మార్పు ఉన్న రైబోసోమ్ కోడాన్‌ను (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాటను) మరీ పట్టింపుగా చదువుతుంది, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏల్లో తప్పుదానితోపాటు సరైనదాన్ని కూడా కొన్నిసార్లు వెనక్కి పంపేస్తుంది. అందుకే అనువాదం, అంటే ఆ మాటలను చదివి ప్రోటీన్ కట్టే పని, నెమ్మదిస్తుంది. పళ్లెం మీద గసగసాల గింజంతే ఉండిపోయిన ఆ కాలనీ పరిమాణంలో నేను చూసింది ఈ నిదానాన్నే.

మార్పు ప్రోటీన్ జన్యువులోనే ఎందుకు దొరికిందన్నది ఇక్కడ ఆలోచించదగిన విషయం. స్ట్రెప్టోమైసిన్ రైబోసోమ్‌లో ప్రధానంగా ఆనుకునేది 16ఎస్ ఆర్ఎన్ఏనే, అక్కడ అది ఆర్ఎన్ఏలోని నాలుగు వేర్వేరు భాగాలను ఒకేసారి తాకుతుంది, ప్రోటీన్లలో ఒక్క ఎస్12ను మాత్రమే తాకుతుంది. ఆ లెక్కన లొంగని గుణం ఆర్ఎన్ఏ జన్యువుల్లో రావాలి. కానీ ఈ. కోలైలో రైబోసోమ్ ఆర్ఎన్ఏ జన్యువుల గుంపులు 7 ఉన్నాయి, వాటిలో ఒకటి మారినా మిగిలిన ఆరు పాత ఆర్ఎన్ఏనే తయారుచేస్తూ ఉంటాయి. ఎస్12 జన్యువు మాత్రం ఒక్కటే. రైబోసోమ్ ఆర్ఎన్ఏ జన్యువుల గుంపు ఒక్కటే ఉన్న క్షయ బాక్టీరియాలో ఆర్ఎన్ఏ మార్పుల వల్ల కూడా ఇదే నిరోధకత వస్తుంది.

క్రమం చదువుతుండగా పక్కనున్న జన్యువు కూడా కంటపడింది. ఎస్12 జన్యువు వెంటనే ఎస్7 జన్యువు ఉంటుంది, ఆ తరువాత అనువాదానికి తోడ్పడే రెండు కారకాలవి ఉంటాయి. కణంలో 16ఎస్ ఆర్ఎన్ఏ సరిపడా లేక ఎస్7 మిగిలిపోతే, అది తన సొంత ఎంఆర్ఎన్ఏ (జన్యువు సందేశాన్ని రైబోసోమ్‌కు చేర్చే ఆర్ఎన్ఏ) మీదనే, ఎస్12కూ తనకూ మధ్య ఉన్న భాగంలో కూర్చొని తన తయారీని తానే ఆపేస్తుంది. ఎస్4, ఎస్8, ఎల్1, ఎల్4 (ఎల్ అంటే పెద్ద ఉపప్రమాణానివి) లాంటివి కూడా ఇలాగే తమ గుంపు మొత్తాన్ని అదుపు చేస్తాయి. కట్టడానికి ఆర్ఎన్ఏ లేనప్పుడు ప్రోటీన్ పోగుపడకుండా చూసే ఇంతకంటే పొదుపైన ఏర్పాటును నేను ఊహించలేను.

13వ రోజు

రెండు రకాలనూ వేర్వేరు ఫ్లాస్కుల్లో పెంచి, ఎదుగుదల మధ్య దశలో ఉండగానే మంచు ముక్కల మీద ఒక్కసారిగా పోసి చల్లార్చాను. కణాలు నిలకడ దశకు చేరనిస్తే రైబోసోములు జతలు జతలుగా అతుక్కొని పనికిరాని స్థితిలోకి వెళతాయి. కణాలను పగలగొట్టి, చెత్తను తేర్చి, పైతేటను అధిక ఉప్పు కలిపిన సుక్రోజ్ పొర మీద పోసి, రాత్రంతా అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను.

14వ రోజు

గొట్టం అడుగున చేరిన రైబోసోమ్ పెల్లెట్ ఎలా ఉంటుందో ఒకసారి చూసినవారు మరచిపోరు. అది తెల్లని మడ్డిలా ఉండదు, అడుగుకు అంటుకున్న గాజు బిళ్లలా తేటగా ఉంటుంది, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే లేత తేనె రంగు కనిపిస్తుంది. దాని మీద మసకగా పొర ఏదైనా ఉంటే అది కణత్వచాల చెత్త, దాన్ని బఫర్‌తో మెల్లగా కడిగేయాలి. నా రెండు గొట్టాల్లోనూ పెల్లెట్ తేటగానే ఉంది.

దాన్ని 1 మిల్లీమోలార్ మెగ్నీషియం మాత్రమే ఉన్న బఫర్‌లో కరిగించాను. రెండు ఉపప్రమాణాలూ చేరిన పూర్తి రైబోసోమ్‌ను, అంటే 70ఎస్‌ను కలిపి ఉంచేది చాలా వరకు మెగ్నీషియమే, అది తగ్గితే రెండు ఉపప్రమాణాలూ విడిపోతాయి. తరువాత 10 నుంచి 30 శాతం వరకు మారే సుక్రోజ్ గ్రేడియంట్ మీద వేసి మళ్లీ రాత్రంతా తిప్పాను.

15వ రోజు

గ్రేడియంట్‌ను అడుగు నుంచి తోడుతూ 260 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను గీయించాను. రెండు శిఖరాలూ స్పష్టంగా విడిపోయాయి. 50ఎస్ శిఖరం ఎత్తుగా, 30ఎస్ శిఖరం దానికి సగం ఎత్తులో వచ్చింది. రెండింటి మధ్య లోయలో ఉన్న భాగాలను పారేశాను, ఎందుకంటే 30ఎస్‌లో కాస్త 50ఎస్ కలిసినా రేపటి లెక్కలన్నీ చెడతాయి. 50ఎస్‌ను విడిగా గడ్డకట్టించి దాచాను, అనువాద పరీక్షలో దాని అవసరం ఉంది.

17వ రోజు

విడదీసే రోజు. 30ఎస్ ద్రావణానికి మెగ్నీషియం కలిపి, రెండింతల గాఢ ఎసిటిక్ ఆమ్లం పోయగానే ఆర్ఎన్ఏ తెల్లని తునకలుగా విరిగిపోయింది, ప్రోటీన్లు మాత్రం ద్రావణంలోనే ఉండిపోయాయి. ఆ ప్రోటీన్లను ఎసిటోన్‌తో అవక్షేపింపజేసి 6 మోలార్ యూరియాలో కరిగించాను. యూరియాను అప్పటికప్పుడు చేసుకున్నాను. నిలవ ఉంచిన యూరియాలో సయనేట్ పుట్టి లైసిన్ల చివర్లకు అతుక్కుంటుంది. ఈ ప్రోటీన్లలో చాలా వాటికి బలమే లైసిన్, ఆర్జినిన్లు. ఆ ధనావేశమే ఆర్ఎన్ఏలోని ఫాస్ఫేట్ల ఋణావేశాన్ని చల్లార్చి, తమను తాము నెట్టుకునే ఆర్ఎన్ఏ పోగులను దగ్గరకు తెస్తుంది. లైసిన్లు చెడితే ప్రోటీన్ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పని చేయదు. ఆర్ఎన్ఏ కోసం మరో భాగం 30ఎస్‌ను ఫీనాల్‌తో విడిగా శుద్ధి చేశాను.

18వ రోజు

జెల్ మీద చూస్తే రెండు రకాల ప్రోటీన్లూ ఒకే తీరులో కనిపించాయి. అన్నిటికంటే పైన 61 కిలోడాల్టన్ల ఎస్1 మసగ్గా ఉంది. అది రైబోసోమ్‌ను వదులుగా పట్టుకునే ప్రోటీన్ కనుక ఉప్పు కడుగుళ్లలో కొంత పోయి ఉంటుంది. దాని కింద ఎస్2, ఎస్3, ఎస్4 దగ్గర దగ్గరగా, ఆ కింద చిన్నవన్నీ గుంపుగా ఉన్నాయి.

పేర్ల గురించి ఒక మాట రాసి పెట్టుకోవడం మంచిది. ఈ అంకెలు ప్రోటీన్ల పనిని బట్టి పెట్టినవి కావు. 1970లో కాల్ట్‌ష్మిట్, విట్‌మన్ రెండు దిశల జెల్ మీద వచ్చిన చుక్కలకు దాదాపు పై నుంచి కిందికి ఇచ్చిన వరుస సంఖ్యలు ఇవి. ఆ తరువాత ఎల్7 అన్నది ఎసిటైల్ గుంపు చేరిన ఎల్12 అని, ఎల్8 అన్నది ఎల్10తో ఎల్12 కలిసిన ముద్ద అని, ఎల్26 అన్నది ఎస్20 అని తేలాయి. మనుషుల్లో డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనతకు కారణమని 1999లో గుర్తించిన ఎస్19కూ, నా గొట్టంలో ఉన్న బాక్టీరియా ఎస్19కూ ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రమే ఒకటి. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 2014లో కొత్త పేర్లు పెట్టారు. అన్ని జీవుల్లోనూ ఉండేవాటికి ముందు ‘యూ’, బాక్టీరియాకు మాత్రమే పరిమితమైనవాటికి ‘బీ’ చేర్చారు. నా ఎస్12 అన్ని జీవుల్లోనూ ఉంది కనుక దాని కొత్త పేరు యూఎస్12. అలవాటు కొద్దీ ఈ డైరీలో పాత పేర్లే వాడతాను.

21వ రోజు

మొదటిసారి కట్టే ప్రయత్నం. అడ్డంగా మార్చే పని తరువాత, ముందు ఎవరి ఆర్ఎన్ఏకు వారి ప్రోటీన్లే. 20 మిల్లీమోలార్ మెగ్నీషియం, 0.33 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లో ఆర్ఎన్ఏ ఉంచి, ప్రోటీన్లను కొంచెం ఎక్కువ పాళ్లలో కలిపి, 40 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, గ్రేడియంట్ మీద వేశాను.

22వ రోజు

విఫలమైంది. 30ఎస్ ఉండవలసిన చోట చిన్న ఉబ్బు తప్ప ఏమీ లేదు. పదార్థమంతా పైన, 21ఎస్ దగ్గర ఒక విశాలమైన శిఖరంగా నిలిచింది. ఆర్ఎన్ఏ తెగిపోయిందేమోనని భయపడి జెల్ మీద పరీక్షించాను, 16ఎస్ నిండుగానే ఉంది. ఆ శిఖరంలోని ప్రోటీన్లను జెల్ మీద చూసినప్పుడు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎస్4 చక్కగా ఉంది, దాని పైన ఉండవలసిన ఎస్2, ఎస్3 పట్టీలు మాత్రం లేవు.

పక్క బల్ల మీద పనిచేసే సహోద్యోగిని ఆ జెల్ చూసి, ‘‘గొట్టం లోపల థర్మామీటర్ పెట్టి చూశారా?’’ అని అడిగారు. చూడలేదు. నేను వాడిన గాజు గొట్టం వేడి దిమ్మెలోని రంధ్రానికి బిగుతుగా లేదు, చుట్టూ గాలి ఉంది. దిమ్మె అద్దం మీద 40 అని చూపిస్తున్నప్పుడు గొట్టంలోని ద్రావణం 31 డిగ్రీల దగ్గరే ఉందని ఇప్పుడు కొలిస్తే తెలిసింది.

చల్లని స్థితిలో ఆర్ఎన్ఏకూ ప్రోటీన్లకూ కలయిక సగం దాకా నడిచి ఆగిపోతుందని నొమురా బృందం అప్పట్లోనే చూసింది. ఆ సగం కట్టడంలో ఎస్4 నుంచి ఎస్9 దాకా, ఎస్11 నుంచి ఎస్13 దాకా, ఎస్15 నుంచి ఎస్20 దాకా మొత్తం 15 ప్రోటీన్లు ఉంటాయి. ఎస్1, ఎస్2, ఎస్3, ఎస్10, ఎస్14, ఎస్21 ఉండవు. నా జెల్‌లో లేని పట్టీలు సరిగ్గా ఆ లెక్కకు సరిపోయాయి. అంటే నేను పాడుచేసింది కట్టడంలో మధ్య మజిలీని నా చేతికి ఇచ్చింది.

23వ రోజు

ఆ 21ఎస్ భాగాలను పారేయకుండా రెండు సమాన పాళ్లు చేశాను. ఒక పాలును వేరే ప్రోటీన్లేవీ కలపకుండా నీటి తొట్టెలో, ఈసారి గొట్టం లోపలి థర్మామీటర్ 40 చూపించాక, 20 నిమిషాలు వేడి చేసి తిరిగి మంచులో పెట్టాను. రెండో పాలును మంచులోనే ఉంచాను. తరువాత రెండింటికీ ఒకే మొత్తంలో ప్రోటీన్లు మంచులోనే కలిపి, పక్కపక్క గ్రేడియంట్ల మీద వేశాను.

24వ రోజు

ఈ రెండు గీతలను నేను ఒకదాని మీద ఒకటి పెట్టి గోడకు అంటించుకున్నాను. వేడి తగలని పాలు 21ఎస్ దగ్గరే ఉంది, దానికి ప్రోటీన్లు అందుబాటులో ఉన్నా తీసుకోలేదు. వేడి తగిలిన పాలు మాత్రం 30ఎస్ దగ్గర సన్నని, నిటారైన శిఖరంగా నిలిచింది. వేడి చేసినప్పుడు గొట్టంలో కొత్త ప్రోటీన్ ఒక్కటి కూడా లేదని గుర్తుంచుకోవాలి. అంటే వేడి చేసిన పని ప్రోటీన్లను అతికించడం కాదు, అప్పటికే ఉన్న 15 ప్రోటీన్ల మధ్య ఆర్ఎన్ఏ ఒళ్లు సర్దుకొని, మిగిలినవాటికి చోటు తెరవడం.

నొమురా బృందం గీసిన కట్టడపు పటాన్ని ఈ గీతల పక్కన పెట్టుకొని చదివాను. ఎస్4, ఎస్7, ఎస్8, ఎస్15, ఎస్17, ఎస్20 అనే 6 ప్రోటీన్లు మరే ప్రోటీన్ సాయమూ లేకుండా నేరుగా ఆర్ఎన్ఏను పట్టుకుంటాయి. మిగిలినవి వీటి మీద ఆధారపడి వస్తాయి. ఎస్15 విషయం తీసుకుంటే, 16ఎస్ ఆర్ఎన్ఏ మధ్య భాగంలో మూడు మెలికలు కలిసే కూడలి ఒకటి ఉంది. విడిగా ఉన్నప్పుడు ఆ మూడూ ఎటు పడితే అటు చాచుకొని ఉంటాయి. ఎస్15 వచ్చి ఆ కూడలిని పట్టుకోగానే రెండు మెలికలు ఒకదాని మీద ఒకటి తిన్నగా నిలుస్తాయి, మూడోది పక్కకు వాలుతుంది. ఎస్6, ఎస్18 జంటగా వచ్చి కూర్చునే చోటు అప్పుడు గానీ ఏర్పడదు. ఎస్15 ఆ జంటను చేయి పట్టుకొని తీసుకురాదు, వాటిని నేరుగా తాకనైనా తాకదు, ఆర్ఎన్ఏను వంచి వాటికి చోటు చేసి పెడుతుంది. ఎస్7 కూడా 30ఎస్ తల భాగంలో ఇదే పని పెద్ద ఎత్తున చేస్తుంది. ముందు ఎస్9, ఎస్13, ఎస్19, తరువాత ఎస్10, ఎస్14, ఎస్3, ఎస్2 దాని వెనకే వస్తాయి. నా విఫల ప్రయత్నంలో లేకుండా పోయినవాటిలో ఎక్కువ భాగం ఈ చివరి వరుసవే, అంటే తల భాగం పూర్తికాలేదు.

కణంలో 40 డిగ్రీల వేడి, ఇంత ఉప్పు ఉండవు. అక్కడ ఈ పని 37 డిగ్రీల దగ్గర దాదాపు రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఆర్ఎన్ఏ తయారవుతుండగానే ముందు పుట్టిన చివర నుంచి మడత పడటం, ప్రోటీన్లు ఆ వరుసలోనే చేరడం ఒక కారణం. రిమ్‌ఎం, రిమ్‌పీ, ఆర్‌బీఎఫ్‌ఏ, ఎరా లాంటి సహాయక ప్రోటీన్లు తప్పు మడతల్లో ఇరుక్కున్న ఆర్ఎన్ఏను విడిపించి, పని కాగానే తప్పుకోవడం మరో కారణం. పరీక్షనాళికలో ఆ సహాయకుల లోటును నేను వేడితో పూడ్చాను.

28వ రోజు

అడ్డంగా మార్చి కట్టడం. ఎస్ అని రాస్తే ప్రోటీన్ల పేర్లతో కలిసిపోతుందని, లొంగే రకాన్ని ‘మూలం’ అని, లొంగనిదాన్ని ‘మార్పు’ అని గొట్టాల మీద రాశాను. మూలం ఆర్ఎన్ఏ - మూలం ప్రోటీన్లు, మూలం ఆర్ఎన్ఏ - మార్పు ప్రోటీన్లు, మార్పు ఆర్ఎన్ఏ - మూలం ప్రోటీన్లు, మార్పు ఆర్ఎన్ఏ - మార్పు ప్రోటీన్లు అని నాలుగు. వీటికి తోడు ఐదో గొట్టంలో మూలం ఆర్ఎన్ఏకు రెండు రకాల ప్రోటీన్లనూ సరిసమానంగా కలిపాను. ఇది ప్రణాళికలో లేదు, నిన్న రాత్రి తోచింది.

29వ రోజు

ఐదింటిలోనూ 30ఎస్ శిఖరం వచ్చింది. ఎత్తుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. శిఖరం నడిమి భాగాలను మాత్రమే తీసి, గాఢతలు సమానం చేసి, చిన్న చిన్న పాళ్లుగా గడ్డకట్టించాను.

33వ రోజు

అనువాద పరీక్ష. దీనికి 1961లో నైరెన్‌బర్గ్, మథై వాడిన పాలీయూ అనే కృత్రిమ ఆర్ఎన్ఏనే వాడాను. యూరిడిన్ తప్ప మరేమీ లేని ఆ పోగులో ప్రతి కోడానూ ఫినైల్‌అలనిన్‌కే. రైబోసోమ్ తప్పు చదివితే ఆ చోట్లలో ఐసోల్యూసిన్ లాంటివి వచ్చి చేరతాయి. స్ట్రెప్టోమైసిన్ సమక్షంలో ఆ తప్పు బాగా పెరుగుతుంది. అందుకే ప్రతి గొట్టానికీ ఒకసారి రేడియోధార్మిక ఫినైల్‌అలనిన్‌తో, మరోసారి రేడియోధార్మిక ఐసోల్యూసిన్‌తో, మందు లేకుండా, మందుతో పరీక్ష చేయాలి. దాచిపెట్టిన మూలం 50ఎస్, అనువాద కారకాలున్న సారం, టీఆర్ఎన్ఏ, శక్తినిచ్చే జీటీపీ అన్నిటికీ ఒకే మిశ్రమం నుంచి పోశాను. చివర్లో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంలో 90 డిగ్రీల వేడికి పెడితే టీఆర్ఎన్ఏలకు అతుక్కొని ఉన్న అమైనో ఆమ్లాలు విడిపోతాయి, గొలుసుగా మారినవే వడపోత కాగితం మీద నిలుస్తాయి.

34వ రోజు

ముందు ఒక ఊరట. మందు లేనప్పుడు, తిరిగి కట్టిన మూలం 30ఎస్, విడదీయని సహజ 30ఎస్ చేసే పనిలో సగానికి పైగా చేసింది. 21 ప్రోటీన్లు, 1,542 న్యూక్లియోటైడ్ల ఆర్ఎన్ఏ యూరియాలో, ఆమ్లంలో, ఫీనాల్‌లో నలిగి, తిరిగి చేరి, మళ్లీ అక్షరాలు చదువుతున్నాయి. లెక్కపెట్టే యంత్రం మీద ఆ అంకెలు ఒక్కొక్కటిగా వస్తుంటే నేను బల్ల దగ్గర నుంచి కదలలేదు.

ఇక అసలు ఫలితం. మందు వేసినప్పుడు మూలం ప్రోటీన్లున్న రెండు గొట్టాల్లోనూ ఐసోల్యూసిన్ చేరిక ఐదారు రెట్లు పెరిగింది. ఆర్ఎన్ఏ ఏ రకానిదన్న తేడా కనిపించలేదు. మార్పు ప్రోటీన్లున్న రెండు గొట్టాల్లోనూ ఆ పెరుగుదల దాదాపు లేదు. మూలం ఆర్ఎన్ఏ ఉన్నా సరే, 42వ స్థానంలో అస్పరజిన్ ఉన్న ఎస్12 చేరితే ఆ 30ఎస్ మందుకు లొంగలేదు. మందు వేయకముందు కూడా ఈ రెండు గొట్టాల్లో ఐసోల్యూసిన్ తక్కువగానే ఉంది. కాలనీ మెల్లగా పెరగడానికి కారణమైన అతి పట్టింపు ఇక్కడ మరో రూపంలో కనిపించింది.

35వ రోజు

ఈ ఫలితాన్ని నిర్మాణం దగ్గర పెట్టి చూడటానికి రోజంతా తెర ముందు గడిపాను. 30ఎస్‌లో ప్రోటీన్లు ఎక్కువగా వెలుపలి వైపు ఉంటాయి, 50ఎస్‌కు ఎదురుగా ఉండే లోపలి ముఖం చాలా వరకు ఆర్ఎన్ఏదే. కోడాన్‌ను చదివే చోటికి దగ్గరగా ఆ ముఖం మీద ఉన్న ప్రోటీన్ ఎస్12 ఒక్కటే. సరైన టీఆర్ఎన్ఏ వచ్చినప్పుడు 16ఎస్ ఆర్ఎన్ఏలోని 530, 1492, 1493 స్థానాల క్షారాలు కోడాన్, ప్రతికోడాన్ల (టీఆర్ఎన్ఏలో కోడాన్‌తో జతకట్టే మూడక్షరాల) జతను తడిమి చూస్తాయి. ఆ జత సరిగా ఉంటే 30ఎస్ భుజం లోపలికి వాలి, ఉపప్రమాణం మొత్తం మూసుకున్నట్టవుతుంది. ఎస్12 ఆ కదలికలో ఆర్ఎన్ఏ మెలికలకు దగ్గరగా జరుగుతుంది. 42వ లైసిన్ పోతే ఆ దగ్గరితనానికి పట్టు తగ్గుతుంది, మూసుకోవడం కష్టమవుతుంది, సరైన టీఆర్ఎన్ఏ కూడా గట్టిగా నిరూపించుకోవలసి వస్తుంది. స్ట్రెప్టోమైసిన్ చేసేది దీనికి తలకిందులు, అది మూసుకున్న స్థితి వైపు 30ఎస్‌ను నెడుతుంది కనుక తప్పు టీఆర్ఎన్ఏ కూడా చెల్లుబాటవుతుంది.

ఇదే కదలికకు మరో చివర ఎస్4, ఎస్5 ఉన్నాయి. భుజం వాలేటప్పుడు ఆ రెండింటి మధ్య అతుకు విడిపోవాలి. ఆ అతుకును బలహీనపరిచే మార్పులు వస్తే 30ఎస్ సులువుగా మూసుకుంటుంది, తప్పులు పెరుగుతాయి. ఎస్12 ఒకవైపు లాగితే ఎస్4, ఎస్5 మార్పులు మరోవైపు లాగుతాయి. కోడాన్‌ను తడిమేది ఆర్ఎన్ఏ అయినా, ఎంత తేలిగ్గా ‘సరే’ అనాలో నిర్ణయించడంలో ఈ మూడు ప్రోటీన్లకూ వాటా ఉంది.

ఎస్12 ఆకారంలో మరొకటి నన్ను చాలాసేపు ఆపింది. దాని గుండ్రని భాగం లోపలి ముఖం మీద ఉంటే, సన్నని తోక 30ఎస్ శరీరం గుండా దూరి వెలుపలి వైపుకు వెళ్లి ఎస్8, ఎస్17లను తాకుతుంది. అంత మందమైన ఆర్ఎన్ఏ మధ్యలోంచి ఒక తోకను కట్టడం పూర్తయ్యాక దూర్చడం వీలయ్యే పని కాదు. ఎస్17 లాంటివి ముందే కుదురుకొని, ఆర్ఎన్ఏ ఇంకా పూర్తిగా ముడుచుకోకముందే ఎస్12 వచ్చి చేరాలి, దాని తోక చుట్టూ ఆర్ఎన్ఏ మూసుకోవాలి. నా 21ఎస్ మజిలీలో ఎస్12 అప్పటికే ఉండటం ఇందుకు తగినట్టుగానే ఉంది.

38వ రోజు

ఐదో గొట్టం లెక్కలు ఆలస్యంగా చేశాను, ఎందుకంటే పునరావృతం చేయకుండా దాన్ని నమ్మదలచుకోలేదు. మూడుసార్లు చేశాక రాస్తున్నాను. రెండు రకాల ప్రోటీన్లు సరిసమానంగా కలిసిన ఆ గొట్టంలో, మందు వేసినప్పుడు ఐసోల్యూసిన్ పెరుగుదల మూలం గొట్టానికీ మార్పు గొట్టానికీ దాదాపు సగం దూరంలో నిలిచింది. ఒక్కో 30ఎస్‌లో ఎస్12 ఒక్కటే పడుతుంది కనుక, గొట్టంలోని రేణువుల్లో సుమారు సగం మూలం ఎస్12ను, సగం మార్పు ఎస్12ను తీసుకున్నాయని దీని అర్థం. కట్టడం జరిగేటప్పుడు ఆర్ఎన్ఏ ఈ రెండింటి మధ్య తేడా చూడలేదు. 42వ స్థానంలో లైసిన్ ఉందా అస్పరజిన్ ఉందా అన్నది తోకకు గానీ, ఎస్8, ఎస్17లతో దాని పొందికకు గానీ పట్టలేదు. అదే స్థానం, కట్టిన 30ఎస్ కోడాన్ చదవడం మొదలుపెట్టగానే మందుకు లొంగడానికీ లొంగకపోవడానికీ మధ్య తేడా అయింది.

ఆ మూడు పునరావృతాల వడపోత కాగితాలు, రెండు గ్రేడియంట్ గీతలు ఈ పుటకు అంటించాను. వచ్చే వారం తోకను కత్తిరించిన ఎస్12 జన్యువును తయారుచేసి, ఆ ప్రోటీన్‌ను విడిగా శుద్ధి చేసే పని మొదలవుతుంది.